గింజ నేర్చుకున్న వేళ

మంగతాయారుకి కత్తులంటే భయం లేదు. కాకినాడ జగన్నాథపురంలో కర్రీ పాయింట్ నడిపే మనిషి, రోజూ బుట్టెడు వంకాయలూ బస్తాడు ఉల్లిపాయలూ తరిగే మనిషి కత్తికి భయపడితే ఎలా? అయినా ఆ ఉదయం బల్ల మీద పడుకోబెట్టి, కుడి భుజం ఎముక కింద చల్లటి మందేదో దూదితో రుద్దేసరికి ఆవిడ బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"ఇది చిన్న పనే తాయారుగారూ. పన్ను పీకించుకున్నంత కూడా కాదు," అంది డాక్టర్ సువార్త, చేతులకి తొడుగులు లాక్కుంటూ.

"పన్ను పీకినాయన కూడా ఇలాగే చెప్పాడండి. తర్వాత వారం రోజులు గంజి తాగాను."

నర్సు కిసుక్కున నవ్వింది. సువార్త కూడా నవ్వి, మత్తు సూది గుచ్చింది. చీమ కుట్టినట్టయింది, అంతే. ఎడమ రొమ్ములో గడ్డ ఉందని తేలినప్పటి నుంచీ తాయారు ఎన్నో సూదులు చూసింది. ఇదేమంత పెద్దది కాదు.

సముద్రం ఒడ్డున కొత్తగా కట్టిన పరిశోధనాసుపత్రి అది. అసలు చికిత్స ఇంకా మొదలు కాలేదు. దానికి ముందు ఒంట్లో పెట్టాల్సిన చిన్న సరంజామా ఒకటుంది. సువార్త దాన్ని పట్టకారుతో ఎత్తి తాయారు కళ్ళ ముందు పెట్టింది. చింతగింజంత ఉంది, రంగు కూడా ఇంచుమించు అదే. దానికి పెట్టిన పెద్ద పేరు ఆసుపత్రి కాగితాల్లో ఉందిగానీ, అక్కడి ఆయాల దగ్గర్నుంచి డాక్టర్ల దాకా అందరూ దాన్ని గింజనే అంటారు.

"మీ ఒంట్లో మంచి కణాలకి పగలూ రాత్రీ ఉన్నాయండి. అవి పడుకునే వేళకి పడుకుంటాయి. గడ్డలో ఉన్నవాటికి ఆ వేళాపాళా లేదు, ఇరవైనాలుగ్గంటలూ మేలుకునే ఉంటాయి. మంచివి పడుకున్నప్పుడు మందు వదిలామనుకోండి, మేలుకున్నవే చస్తాయి." మాట్లాడుతూనే సువార్త గింజని చర్మం కిందికి జరిపింది. అక్కడెవరో బొటనవేలితో నొక్కినట్టు అనిపించింది తాయారుకి. "మీ ఒళ్ళు ఎప్పుడు పడుకుంటుందో, ఎప్పుడు లేస్తుందో ఈ గింజ నేర్చుకుంటుంది. మీరు గాఢంగా నిద్రపోయే వేళకి మందు వదుల్తుంది. లేచే వేళకి దానికి విరుగుడు వదుల్తుంది. ఒళ్ళు మేలుకుని కదులుతుంటేనే ఆ విరుగుడు పనిచేస్తుంది."

"లేవకపోతేనో?"

"మందు లోపలే నిలిచిపోతుంది. అప్పుడది మంచీ చెడూ చూడదు."

కుట్లు వేయడం కూడా ముచ్చట్లలోనే అయిపోయింది. తర్వాత గదిలోకి తాయారు భర్త గంగరాజునీ, కూతురు హిమజనీ పిలిచి, సువార్త అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు మరోసారి చెప్పింది. గింజ నేర్చుకోవడానికి రెండు వారాలు. ఆ తర్వాత అది గట్టిపడిపోతుంది, మళ్ళీ కొత్త పాఠం చెప్పడం కుదరదు. తీసేసి ఇంకోటి పెడదామంటే ఒళ్ళు ఒప్పుకోదు. "కాబట్టి ఈ రెండు వారాలూ ఈవిడ ఇంట్లో ఎలా ఉండేవారో అలాగే ఉండాలి. దసరాకి చికిత్స అయ్యేదాకా కూడా అలాగే ఉండాలి. అర్థమైందా?"

ముగ్గురూ బుద్ధిగా తలలాడించారు. ఇంత చక్కగా తలలాడించినవాళ్ళు ఇంటికెళ్ళి చేసిన నిర్వాకం ఏమిటో చూడండి మరి.

వీళ్ళు ఆటో దిగేసరికే పెద్దాపురం నుంచి గంగరాజు అక్క సీతారత్నం దిగిపోయి ఉంది. చంకలో సంచీ, సంచీలో వెల్లుల్లి, వాము, పాత నేత చీరలు. వాళ్ళ వంశంలో ఎవరి ఒంటి మీద కత్తి పడినా సీతారత్నం వచ్చి తీరాల్సిందే. అపెండిసైటిస్ అయినా, కంట్లో పొర తీసినా ఆవిడ వైద్యం ఒక్కటే. కత్తి పడిన మనిషిని బాలింతలా చూడాలి. వచ్చీ రాగానే తాయారు చెవుల్లో దూది కుక్కింది, తలకి గుడ్డ కట్టింది, కిటికీ మూసేసింది. వంకాయా గోంగూరా తింటే చీము పడుతుందని కట్ చేసేసి, వెల్లుల్లి కారం, పాత బియ్యం అన్నం పెట్టింది.

"డాక్టరు మామూలుగా ఉండమంది కదత్తయ్యా?" అంది హిమజ.

"డాక్టర్లు అలాగే అంటారే. రేపు చలి కమ్మితే వాళ్ళొచ్చి చూస్తారా? ఆడదాని ఒళ్ళంటే వాళ్ళకి సులువు." సీతారత్నం మంచం పక్కనే చాప పరుచుకుని, "అమ్మాయ్, నువ్వు కాలు కింద పెట్టావంటే ఊరుకోను," అని బెదిరించింది.

గంగరాజు ఇంకో మెట్టెక్కాడు. ఓడరేవులో లారీలు తూకం వేసే ఉద్యోగం ఆయనది. సెలవు పెట్టేశాడు. "తెల్లవారుజామున నేను లేచి వండుతా. నువ్వు మంచం దిగితే నా మీద ఒట్టే," అన్నాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ పొయ్యి ఎటు తిప్పితే వెలుగుతుందో తెలియని మనిషి అలా అనేసరికి తాయారుకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇంతమంది తన చుట్టూ తిరగడం ఆవిడకి బాగానే ఉంది మరి, ఎందుకు అబద్ధం చెప్పాలి? పొద్దెక్కి ఏడింటిదాకా పడుకోవడం, మంచం మీదికే కాఫీ రావడం ఆవిడ ఎరగదు.

ఏడింటిదాకా పడుకుందన్నది ఇంట్లోవాళ్ళ లెక్క. నాలుగింటికే ఆవిడకి మెలకువ వచ్చేసేది. తాయారు కర్రీ పాయింట్ దగ్గరికి ఏడు కాకుండానే ఆఫీసులకెళ్ళే వాళ్ళ క్యారేజీలు వరస కడతాయి. వాటికోసం నాలుగింటికి పొయ్యి వెలిగించాలి. ఏళ్ళ తరబడి ఆ వేళకి లేచిన ఒళ్ళు దూది పెట్టినంత మాత్రాన ఊరుకుంటుందా? కళ్ళు మూసుకుని, కదలకుండా, చెవుల్లో దూది ఉన్నా వంటింట్లో చప్పుడు మొత్తం వింటూ ఉండేది. అయ్యో, నూనె కాగకుండానే ఆవాలు వేశాడు. ఇప్పుడు మాడాయి. పప్పు కుక్కరు ఎన్ని కూతలయ్యాయో లెక్కపెట్టలేదు. ఆయన ఒక్కో గిన్నె దించుతుంటే ఇక్కడ మంచం మీద ఆవిడ అరచేతులు వేడెక్కేవి, నుదురు చెమర్చేది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. పాపం అంత కష్టపడుతున్న మనిషిని ఏమంటుంది?

వారం తిరిగేసరికి పరీక్షకి వెళ్ళారు. సువార్త గింజ ఉన్నచోట చిన్న బిళ్ళ ఆనించి తెర వైపు చూసింది. చూస్తూ చూస్తూ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"ఇంట్లో ఏం చేయిస్తున్నారు ఈవిడ చేత?"

"ఏమీ చేయించట్లేదండి!" గంగరాజు ఛాతీ విరుచుకున్నాడు. "మంచం దిగనిస్తే ఒట్టు. మా అక్క కాపలా కూడా ఉందండి."

సువార్త తెరని వాళ్ళవైపు తిప్పింది. దాని మీద రెండు గీతలున్నాయి. ఒకటి రాత్రి పడుకుని పొద్దెక్కేదాకా అలాగే పడి ఉంది. రెండోది నాలుగింటికల్లా పైకి లేచిపోతోంది. రెండూ ఒకే మనిషివి.

"మీ కాళ్ళు ఏడింటిదాకా పడుకునే ఉన్నాయి. మీ నెత్తురు మాత్రం నాలుగింటికే లేచి కూర్చుంది. ఏది నిజమో గింజకి తేలట్లేదు. నాలుగింటికి మీకేమవుతుంది తాయారుగారూ?"

తాయారు చీర కొంగు వేలికి చుట్టుకుంది. "ఏమీ అవ్వదండి. పడుకునే ఉంటాను. కాకపోతే..." భర్త వంక ఒకసారి చూసి, "ఈయన ఆవాలు మాడ్చేస్తున్నారండి," అంది.

హిమజ ఫక్కున నవ్వింది. సువార్త నవ్వలేదు. నవ్వకపోవడం చూసి హిమజ కూడా ఆపేసింది.

"మీకు ముందు ఒకాయనకి ఇలాంటి గింజే పెట్టానండి నేను. ఏసుదాసని, లారీ డ్రైవరు. రాత్రి బళ్ళు మానేస్తానన్నాడు. అబద్ధం కాదు, నిజంగానే మానేద్దామనుకున్నాడు. రెండు వారాలూ ఇంట్లో రాత్రిపూట హాయిగా నిద్రపోయాడు. గింజ అదే నేర్చుకుంది. చికిత్స మొదలయ్యాక ఓ రెండు నెలలు బాగానే ఉన్నాడు. తర్వాత ఒంట్లో కులాసాగా ఉంది కదాని మళ్ళీ రాత్రి బండి ఎక్కాడు. అతను స్టీరింగు పట్టుకుని మేలుకుని ఉంటే, పడుకున్నాడనుకుని గింజ మందు వదిలింది." సువార్త తెర ఆపేసింది. "మేం కనుక్కునేసరికి మూత్రపిండాలు పోయాయి. బతకలేదు. గింజ తప్పేమీ లేదండి. దానికి నేర్పిందే అది చేసింది. గట్టిగా అడగాల్సింది నేను. అడగలేదు."

ఆవిడ మీద తాయారుకి జాలేసింది. ఇంత చదువుకున్న పిల్ల ఎంత బరువు మోస్తోందో అనిపించింది.

"విశ్రాంతి తీసుకోవద్దని నేనట్లేదు. ఏడింటికే లేస్తానంటే గింజ ఏడే నేర్చుకుంటుంది, నాలుగంటే నాలుగు. ఏదైనా సరే. కానీ దసరా దాకా అదే మాట మీద ఉండాలి. వారం రోజులు మిగిలాయి. ఇంటికెళ్ళి తేల్చుకోండి."

ఆ సాయంత్రం ఇంట్లో పంచాయితీ పెట్టారు. పంచాయితీ అంటే సీతారత్నం మాట్లాడటం, మిగతావాళ్ళు వినడం. ఏడింటికే లేవాలి, అందులో రెండో మాట లేదంది. క్యాన్సరు మనిషి చేత నాలుగింటికి వండిస్తున్నారని తెలిస్తే ఊళ్ళో తలెత్తుకోగలమా అంది. గంగరాజు మళ్ళీ ఒట్టేశాడు. హిమజ తానూ లేచి సాయం చేస్తానంది. తాయారు అందరి ముఖాలూ చూస్తూ కూర్చుంది. వీళ్ళెవరూ బూటకంగా అనట్లేదు, నిజంగానే అంటున్నారు. ఏసుదాసు కూడా నిజంగానే అన్నాడు కదా అనుకుంది. మాట తప్పేది వీళ్ళయితే తన ప్రాణానికి ముప్పు. ఎవరు తప్పుతారా అని ఆలోచిస్తూ పడుకుంది.

తెల్లవారుజామున నాలుగింటికి గంగరాజు లేచాడు. తాయారు కళ్ళు మూసుకునే గమనించింది. అలారం ఒక్కసారి మోగగానే ఆపేసి, ఆవిడ నిద్ర చెడకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు. మాట తప్పలేదు మహానుభావుడు. వంటింట్లో గిన్నెలు చప్పుడయ్యాయి. ఆవిడ గట్టిగా దుప్పటి కప్పుకుంది. తను పడుకుంది, తనకేం పట్టదు, ఉప్పెక్కువైతే అవుతుంది, క్యారేజీలవాళ్ళు తిడితే తిడతారు. అలా తనకి తను చెప్పుకుంటూ ఉండగానే దొండకాయ వేపుడు అడుగంటిన వాసన వచ్చింది.

మంచం ఎప్పుడు దిగిందో, నడవ ఎప్పుడు దాటిందో ఆవిడకే తెలియదు. తెలివి వచ్చేసరికి వంటింట్లో ఉంది. గరిటె తన చేతిలో ఉంది. మంట తగ్గించి ఉంది. పక్కన గంగరాజు కాలిన చేతికి బర్నాల్ పూసుకుని, ఉల్లిపాయలకి ఎర్రబడ్డ కళ్ళతో దిక్కుతోచక నిలబడి ఉన్నాడు.

"నా మీద ఒట్టేశాను కదే!"

"మీరు వేసుకున్నారు. నేను వేయలేదు." తాయారు గరిటె కింద పెట్టి స్టూలు మీద కూలబడింది. "ఏవండీ, రాత్రంతా మీరు మాట తప్పుతారేమోనని భయపడ్డానండి. మీరు తప్పలేదు. తప్పింది నేను. ఈ ఇంట్లో నమ్మడానికి వీల్లేనిది నన్నేనండి."

చప్పుడుకి సీతారత్నం పరుగెత్తుకొచ్చింది. "అయ్యయ్యో, ఇదేం పనే తల్లీ! కుట్లు కూడా ఆరలేదు. బతకాలని లేదా నీకు?"

"ఉంది వదినా. బతకాలనే లేస్తున్నాను." చెవుల్లో దూది రెండు వైపులా పీకి అవతల పడేసింది తాయారు. ఏడుపు వచ్చిందిగానీ ఆపుకోలేదు. "ఈ వారమంతా పడుకుంటాననుకో. గింజకి ఏడని నేర్పిస్తాననుకో. తర్వాత వర్షాకాలంలోనో, శ్రావణంలోనో, ఏదో ఒకరోజు ఇలాగే లేచిపోతాను. నాకు తెలియకుండానే లేచిపోతాను. ఆ రోజుతో నా పని అయిపోతుంది. నాలుగింటికి లేవడం మాత్రం ఎలాగూ మానలేను. దానికి ఆ నిజమే నేర్పుతాను."

"ఒంట్లో మందు పడ్డాక లేవలేవే," అన్నాడు గంగరాజు మెల్లగా.

"అప్పుడు మీరు లేపండి."

ఆ మాట ఎంత బరువైందో ఆ పూట గంగరాజుకి పూర్తిగా తెలియలేదు.

ఆ రోజు నుంచీ ఇంటి తీరే మారిపోయింది. నాలుగింటికి తాయారు పొయ్యి దగ్గర, గంగరాజు కత్తిపీట దగ్గర. సీతారత్నం గొణుక్కుంటూనే కొబ్బరి తురిమేది. బరువు గిన్నెలు దించడం హిమజ వంతు. రాత్రి ఎనిమిది కొట్టేసరికి ఇంట్లో దీపాలు ఆరిపోవాలి. టీవీ లేదు, ఫోనుల్లో వీడియోలు లేవు. సీరియల్ మధ్యలో లేవాల్సి వచ్చిన సీతారత్నం మొదట్లో రుసరుసలాడింది. తర్వాత అందరికంటే ముందు ఆవిడే స్విచ్చి కట్టేసేది.

వీధిలో మాటలు రాకుండా ఉంటాయా? క్యారేజీ తీసుకెళ్ళే మాస్టారొకాయన, "ఈ పరిస్థితుల్లో కూడా ఆవిడ చేత చాకిరీ ఏమిటి గంగరాజుగారూ, మనుషులం కదా," అన్నాడు. గంగరాజుకి ఎక్కడలేని కోపమూ వచ్చింది. నోటిదాకా వచ్చింది మింగేసి, "పులుసు వేడిగా ఉంది, జాగ్రత్తండి," అని క్యారేజీ మూత బిగించి ఇచ్చాడు. ఆ తర్వాత కాసేపు సందులోకి వెళ్ళి ఒంటరిగా నిలబడ్డాడు.

రెండు వారాలూ పూర్తయ్యాక సువార్త మళ్ళీ బిళ్ళ ఆనించింది. తెర మీద ఇప్పుడు ఒకటే గీత. నాలుగింటికి లేస్తోంది, మధ్యాహ్నం కాస్త వాలుతోంది, ఎనిమిది దాటాక పూర్తిగా కిందికి దిగుతోంది.

"గట్టిపడింది," అంది సువార్త. ఈసారి ఆవిడ ముఖంలో కొంచెం వెలుగు కనిపించింది. గింజలో ఉన్న మందు తిత్తిని సూదితో నింపి, తాయారు చెయ్యి పట్టుకుంది. "ఈ రాత్రి మీరు పడుకున్నాక మొదటి మందు వదుల్తుంది. తెల్లవారి లేవాలనిపించదండి. ఒళ్ళు బండరాయిలా ఉంటుంది. అయినా లేవాలి. లేచి అరగంటైనా నిలబడి తిరగాలి. ఎవరైనా జాలిపడి పడుకోనిస్తే, అంతే సంగతులు." చివరి మాట అంటూ ఆవిడ గంగరాజు వంక చూసింది.

ఆ రాత్రి గంగరాజు కంటి మీద కునుకు లేదు. పక్కన తాయారు గాఢంగా నిద్రపోయింది. చీకట్లో ఆవిడ ఊపిరి వింటూ, లోపల గింజ తన పని తాను చేస్తుందనుకుంటూ కూర్చున్నాడు. నాలుగు కావస్తుండగా ఆవిడ కదిలింది. పెదాలు ఎండిపోయాయి. ముఖం ఒక్క రాత్రిలో పీక్కుపోయింది. కళ్ళు తెరిచి ఆయన్ని చూసింది, మళ్ళీ మూసేసుకుంది.

"నాలుగైంది తాయారూ."

"చేతకావట్లేదండి." గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. "నోరంతా ఇనుము కొరికినట్టుంది. కాళ్ళు నావి కావు. ఈ ఒక్కపూటా పడుకోనివ్వండి. మీకు పుణ్యముంటుంది."

పెళ్ళయ్యాక ఏ తెల్లవారుజామునా ఆవిడ ఇలా అడిగింది లేదు. జ్వరాల్లోనూ అడగలేదు. ఇన్నాళ్ళకి అడిగింది. గుమ్మంలో సీతారత్నం, హిమజ నిలబడి ఉన్నారు. దుప్పటి కప్పి, "పడుకో తల్లీ," అనాలని ఆ ఇంట్లో అందరికీ ఉంది. గంగరాజు చేతులు దుప్పటి మీదికి వెళ్ళాయి కూడా. సీతారత్నం చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "లేపరా తమ్ముడూ," అంది. బాలింతల్ని మంచం దిగనివ్వని మనిషి అంది ఆ మాట.

గంగరాజు దుప్పటి లాగేశాడు.

"లే."

"ఏవండీ..."

"లేవమంటున్నానా? పొయ్యి వెలిగించాలి. క్యారేజీలవాళ్ళు వచ్చేస్తారు. లే!" ఆయన గొంతు అంత గట్టిగా ఆ ఇంట్లో ఎప్పుడూ వినిపించలేదు. అరుస్తూనే ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే ఆవిడ చంకల కింద చేతులు వేసి కూర్చోబెట్టాడు. ఆవిడ తల ఆయన భుజం మీద వాలిపోయింది. ఆయన జాలిపడలేదు. పాదాలు రెండూ పట్టి మంచం కిందికి దించాడు.

తాయారు కొంతసేపు అలాగే కూర్చుంది. తర్వాత ఆయన మెడ పట్టుకుని, పళ్ళు బిగించి, లేచి నిలబడింది.